బొటనవేలి సాక్ష్యం

దస్తగిరమ్మ దొంగ అని ఒక ప్లాస్టిక్ ముక్క చెప్పింది. నంద్యాల నమ్మింది. ఊరు నమ్మడంలో వింతేమీ లేదు. మనిషి మాట కంటే మిషను మాటకు విలువ పెరిగి చాలా కాలమైంది. వింతల్లా ఏమిటంటే, అందరికంటే ముందు నమ్మింది దస్తగిరమ్మ పెంచిన పిల్ల రమీజా. ఆ ప్లాస్టిక్ ముక్కకు మాటలు నేర్పింది కూడా ఆ పిల్లే.

పిల్ల అంటే చిన్నపిల్ల కాదు. ముప్పై దాటిన మనిషి, పెద్ద చదువులు చదివి, కుందూ ఇన్సాఫ్ బ్యాంకు వాళ్ల ప్రయోగశాలను నడిపిస్తోంది. కన్నతల్లి కాన్పులో పోతే, ఆమె చెల్లెలు దస్తగిరమ్మ తెచ్చుకుని పెంచింది. వాళ్లు దూదేకులవాళ్లు. తాతల కాలంలో భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకిన వంశం. దస్తగిరమ్మ నాటికి విల్లు పోయి కరెంటు మిషను వచ్చింది. సందులో చిన్న కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. మొగుడు పోయినా పని పోలేదు. ఆమె కుట్టిన పరుపు మీద నంద్యాలలో సగం మంది పడుకున్నారు, మిగిలిన సగం మంది పుట్టారు.

ఆ ప్లాస్టిక్ ముక్క ఒక అప్పు కార్డు, దానికి అరబ్బీలో ఏదో నోరు తిరగని పేరుంది. జనం మాత్రం గడువు కార్డు అన్నారు. వడ్డీ లేని బ్యాంకులకు చట్టం దారి ఇచ్చాక పుట్టిన కుందూ బ్యాంకు దాన్ని తెచ్చింది. వడ్డీ హరామ్ కనుక ఈ కార్డు మీద వడ్డీ ఉండదు. ఏడాదికి ఒక రుసుము, పేదకూ గొప్పకూ ఒకటే. సారా దుకాణంలో గీకితే పలకదు, పేకాట క్లబ్బులో గీకినా పలకదు. ఈ రెండు చోట్లా అది పలకకపోవడం వల్ల కొన్ని కాపురాలు నిలబడ్డాయని ఆడవాళ్లు చెప్పుకున్నారు. దూది అమ్మే ఓబుళశెట్టి కూడా ఒకటి తీసుకున్నాడు. నీకెందుకయ్యా తురకల కార్డు అని ఎవరో ఆటపట్టిస్తే, వడ్డీ లేదంటే తీసుకోని దేవుడు ఏ మతంలో ఉన్నాడో చూపించమన్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, వాయిదా తప్పినవాణ్ని ఏం చేయాలన్న దగ్గరే తిరకాసు. లేక ఇవ్వనివాడికి చేతికందేదాకా గడువివ్వాలి, దమ్మిడీ ఎక్కువ అడగకూడదు. ఉండీ ఇవ్వనివాడు జాలిమ్, అంటే దుర్మార్గుడు. వాడికి దండుగ వేయొచ్చు గానీ ఆ దండుగ బ్యాంకు తినకూడదు, ధర్మానికి ఇచ్చేయాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. మరి ఎవడు లేనివాడో ఎవడు ఉన్నవాడో తెలిసేదెట్లా? నోటితో అడిగితే అందరూ లేనివాళ్లే అయిపోతారని బ్యాంకు భయం.

ఆ భయానికి రమీజా మందు కనిపెట్టింది. ఇబ్బందిలో ఉన్న మనిషి ఒళ్లు ఊరుకోదు. నిద్ర చెడుతుంది, గుండె దడ పెరుగుతుంది, లోపల ఊరే రసాలు మారతాయి, వాటి జాడ చెమటలో దిగుతుంది. కార్డు మూలన గింజంత గుంట పెట్టి, బొటనవేలు ఆనిస్తే ఆ చెమటను చదివేట్టు చేసింది. బాగా బతికేవాళ్ల వేళ్లు కొన్ని వందలు, లేనివాళ్ల వేళ్లు కొన్ని వందలు చూపించి, ఇది కలిమి, ఇది లేమి అని ప్రయోగశాలలోని మిషనుకు నేర్పింది. కార్డులు అడుగుతాయి, మిషను చెబుతుంది. వకీలు లేడు, సాక్షి లేడు, బతిమాలుకోవడాలు లేవు. పేదవాడు ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెంలో కపటం లేదు. చిన్నప్పుడు దస్తగిరమ్మ బాకీల కోసం షావుకార్ల అరుగుల మీద నిలబడటం ఆమె కళ్లారా చూసింది.

ఆ ఏడు స్పాంజి పరుపుల వాళ్లు ఊళ్లో మూడో షాపు తెరిచారు. దస్తగిరమ్మ కొట్టు ముందు మనిషి ఆగడం తగ్గింది. కార్డు మీద తెచ్చిన దూది కొట్టులో అట్లాగే ఉండిపోయింది, వాయిదా తప్పింది. కార్డు వేలు అడిగింది. ఆమె బెదరకుండా పెట్టింది. తాను పెంచిన పిల్ల చేసిన కార్డు తనకెందుకు అన్యాయం చేస్తుందని ఆమె ధైర్యం. అప్పుడు కార్డులోంచి రేడియోలో వార్తలు చదివే ఆడమనిషి గొంతులాంటి తియ్యని గొంతు, "మీకు కలిమి ఉంది. దయచేసి బాకీ చెల్లించండి" అంది.

దండుగ పడింది. మళ్లీ నెల మళ్లీ అదే మాట, ఈసారి కొట్టులో ఓబుళశెట్టి ఉండగా. ఆ మరుసటి నెల కార్డు మీద నల్లగీత పడింది. నల్లగీత అంటే ఉండీ ఇవ్వని మనిషి, జాలిమ్ అని అర్థం. ఆ గీత చూశాక దూది ఇచ్చేవాడు లేడు, దారం ఇచ్చేవాడు లేడు. దర్గా దగ్గర గురువారం పాతిహా ప్రార్థనకు పోతే, నిన్నటిదాకా జరిగి చోటిచ్చిన ఆడవాళ్లు జరగలేదు. దస్తగిరమ్మ దర్గాకు పోవడం మానుకుంది.

సంగతి తెలిసి రమీజా శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. వచ్చిన మనిషి పలకరించాల్సింది పోయి లెక్క అడిగింది. డబ్బు ఎక్కడ పెట్టావు, చీటీ ఏమన్నా కట్టావా, బంగారం ఏమన్నా కొన్నావా అని. తన పరువు గురించి, బ్యాంకులో తన వైపు చూసే చూపుల గురించి కూడా చెప్పింది. దస్తగిరమ్మ జొన్నరొట్టె, గోంగూర పెట్టి ఎదురుగా కూర్చుంది. నువ్వు తినవేమని అడిగితే, ఎప్పుడో తింటిలే అంది.

"చిన్నమ్మా, కార్డు తప్పు చెప్పదు. నేను చేసినాను, నాకు తెలుసు," అంది రమీజా.

దస్తగిరమ్మ లేచి, కొట్టులోకి వెళ్లి సగం కుట్టిన పరుపు ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించబోతూ పక్కకు ఒరిగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కనురెప్పలు ఎత్తి చూసి, చేతి చర్మం పట్టి చూసి, ఈమె కడుపునిండా తిని ఎన్నాళ్లయింది అని అడిగింది. తిండి అందక ఒళ్లు తనను తానే తింటోందనీ, ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కేది కాదనీ డాక్టరమ్మ కసిరింది. పక్కింటి హుసేనమ్మ వచ్చి మిగిలింది చెప్పింది. దండుగలు కట్టడానికి దస్తగిరమ్మ పొయ్యి వెలిగించడం మానేసిందట. ఎవరైనా అడిగితే రోజా ఉన్నాను, ఉపవాసం అని చెప్పేదట.

రమీజా మంచం పక్కన కూర్చుంది. సిగ్గు ఒకపక్క, శాస్త్రం ఇంకోపక్క పీకుతున్నాయి. ఇంత ఆకలి కార్డుకు కనబడకపోవడం ఏమిటి? చిన్నమ్మ కళ్లు మూసుకుని ఉంది. రమీజా చుట్టూ చూసి, ఆమె బొటనవేలు పట్టుకుని కార్డుకు ఆనించింది. మీకు కలిమి ఉంది అంది తియ్యని గొంతు. సెలైను ఎక్కి, పాలు తాగి, సాయంత్రానికి రెండు ఇడ్లీలు తిని దస్తగిరమ్మ మళ్లీ కునుకు తీసినప్పుడు రమీజా మళ్లీ ఆనించింది.

"మీ ఇబ్బందిని గుర్తించాం. గడువు ఇస్తున్నాం," అంది కార్డు.

కడుపు కాలుతుంటే కలిమి, కడుపు నిండితే లేమి. అప్పుడు మంచం మీంచి మాట వినబడింది. దస్తగిరమ్మ నిద్రపోలేదు.

"రెండుమాట్లు నా యేలు పట్టుకున్యావు. నన్ను అడిగింటే చెప్పింటి గదమ్మా. నా యేలిని అడిగితివి గానీ, నన్ను అడగాలని నీకు తోచనే లేదు."

అంతే అంది, అటు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. రమీజా వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని, చుట్టూ జనం ఉన్నా లెక్కచేయకుండా ఏడ్చింది.

మరునాడు ప్రయోగశాలలో తన కింద పనిచేసే లోకనాథ్‌ను కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ వెతికింది. తీగలు సరిగానే ఉన్నాయి, లెక్కలూ సరిగానే ఉన్నాయి. మిషను చెప్పింది చెప్పినట్టే చెబుతోంది. మధ్యాహ్నం భోజనాల వేళ లోకనాథ్ డబ్బా మూత తీయబోయి ఆగిపోయాడు.

"మేడం, బాగా బతికేవాళ్ల వేళ్లు మనం ఎప్పుడు తీసుకున్నాం?"

రంజాన్‌లో, అంది రమీజా. షావుకార్లనూ ఆఫీసర్లనూ మామూలు రోజుల్లో పట్టుకోవడం ఎవరి తరం? రంజాన్‌లో అయితే సాయంత్రం అసర్ నమాజుకు అందరూ మసీదుకు వస్తారు, పుణ్యకాలం కాబట్టి అడిగినవాళ్లకు కాదనరు. వరసగా కూర్చోబెట్టి వేళ్లు తీసుకున్నారు. మరి లేనివాళ్లవో? పండగ అయిపోయాక, కూలీల అడ్డా దగ్గర. అందులోనూ రమీజా ఒక పట్టు పట్టింది. ఖాళీ కడుపుతో ఉన్నవాడి చేత వేలు పెట్టించుకుంటే పాపం, ముందు తినిపించాలి అంది. అది దస్తగిరమ్మ ఇంటి పద్ధతి. ఆ ఇంట్లో గడప తొక్కిన కూలి మనిషికి ముందు ముద్ద పెట్టి తర్వాత పని చెప్పేవాళ్లు. అందుకని అడ్డా దగ్గర డేగిసాలు దింపి, అందరూ బిర్యానీ తిని చేతులు కడుక్కున్నాకే వేళ్లు తీసుకున్నారు.

ఉన్నవాళ్లంతా ఉపవాసంలో, లేనివాళ్లంతా బిర్యానీ తిని. ఉపవాసంలో కొవ్వు కరిగి చెమటలో ఒక ఘాటు చేరుతుంది. మిషను పాపం ఏం చేస్తుంది? నేర్పింది నేర్చుకుంది. ఆ ఘాటు ఉంటే కలవాడు, లేకపోతే లేనివాడు. భక్తీ మర్యాదా రెండూ కలిసి సైన్సు నెత్తిన ఇంత బండ వేస్తాయని ఏ పుస్తకంలోనూ ఉండదు. లోకనాథ్‌కు నవ్వు ఆగలేదు. రమీజా కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఊళ్లో నల్లగీత పడ్డవాళ్లంతా గుర్తొచ్చారు. వాళ్లలో ఎంతమంది పొయ్యి వెలిగించకుండా దండుగ కట్టి ఉంటారో! ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. లోకనాథ్ డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

బ్యాంకు చైర్మన్ నవాజిష్ అలీ మంచి మాటకారి. పెద్ద కుటుంబం, గడ్డం దువ్వి అత్తరు పూసుకుంటాడు. దూదేకులవాళ్లకు ఉర్దూ సరిగా రాదని ఆయనకు ఒక చిన్నచూపు, అయినా రమీజాతో తెలుగులోనే మర్యాదగా మాట్లాడతాడు. ఆమె చెప్పిందంతా సావధానంగా విన్నాడు. దండుగల సొమ్ముతో కిడ్నీ రోగుల ఆస్పత్రి కడుతున్నామనీ, గోడలు లేచాయనీ, ఈ సోమవారం మతపండితులైన ఉలమాల మండలి ఒప్పుకుంటే కార్డు రాష్ట్రమంతటా పోతుందనీ చెప్పాడు. అది అయ్యాక నెమ్మదిగా సరిచేద్దాం అన్నాడు.

ఆకలితో ఉన్నవాళ్ల నుంచి గుంజిన డబ్బుతో ఆస్పత్రి ఏమిటి సార్ అని రమీజా అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆమెకు మేలు చేస్తున్నట్టు గొంతు తగ్గించాడు.

"బేటీ, నీ పొరపాటు చిన్నది. నీ వస్తువు విలువే నీకు తెలియడం లేదు. సరిచేస్తే అది నిజంగానే మనిషి అవసరం ఎంతో చెబుతుంది. అవసరం తెలిస్తే ధర తెలుస్తుంది. వడ్డీ బ్యాంకులవాళ్లు ఇప్పటికే నన్ను అడుగుతున్నారు. మనం వడ్డీ తీసుకోం, అది వేరు. అమ్ముకోవడం హలాలే కదా."

రమీజాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక జరగబోయేదంతా కళ్లకు కట్టింది. పిల్లకు జ్వరం వచ్చి రాత్రంతా మేలుకున్న తల్లి మందుల దుకాణంలో కార్డు పెడుతుంది. ఆ చెమటను చదివి, ఈమె ఈ పూట ఎంతకైనా ఒప్పుకుంటుందని అవతలివాడికి చెబుతుంది తన మిషను. తప్పుగా పనిచేస్తే నంద్యాల ఒక్కటే మాడింది. సరిగ్గా పనిచేస్తే లోకమంతా మాడుతుంది. నేను సరిచేయను సార్ అంది. ఆయన నవ్వు చెదరలేదు. సోమవారం మండలి ముందు కార్డు మంచిదని ఆమే సాక్ష్యం చెప్పాలనీ, చెప్పకపోతే మిషనును కావాలని చెడగొట్టిందని కేసు పెడతాననీ, ఆమె పేరు మీదా నల్లగీత పడుతుందనీ వివరించాడు. సలాం చెప్పి ఆమెను గుమ్మం దాకా సాగనంపాడు కూడా.

ఇంటికి వచ్చి, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన దస్తగిరమ్మ కాళ్ల దగ్గర కూర్చుని రమీజా అంతా చెప్పింది. కార్డును నమ్మి నిన్ను అనుమానించాను అని చెప్పింది, మన్నించమంది. దస్తగిరమ్మ వెంటనే మన్నించలేదు. కొన్నాళ్లు పడుతుందిలే అంది. తర్వాత ఆ మండలి ఎక్కడ కూర్చుంటుందని అడిగింది. ఎందుకంటే, నేనూ వస్తానంది.

"నువ్వు ఏంటికి చిన్నమ్మా, రోంత కోలుకో."

"దొంగ అని పేరు పడింది నాకు. పోగొట్టుకునేదానికి నీ వెనకాల దాక్కుంటానా? నడుస్తాలే."

ఉలమాల మండలి బ్యాంకు పైఅంతస్తులో కూర్చుంది. ఆ మండలి పద్ధతి ఒకటుంది. ఏ కొత్త వస్తువుకైనా ఒప్పుదల ఇచ్చే ముందు, దాన్ని చేసిన మనిషి ఎదురుగా నిలబడి నోటితో సాక్ష్యం చెప్పాలి. కాగితం చాలదు. పెద్ద ముఫ్తీ అబ్దుల్ వదూద్ పెట్టిన నియమం అది. కడప వైపు మనిషి, వయసు మీద పడింది, తెలుగు మనలాగే మాట్లాడతాడు. చైర్మన్ పొద్దున్నే అందరికీ పాయా, నాన్‌రొట్టెలు, డబుల్ కా మీఠా పెట్టించాడు. తాను కూడా వంచనలేకుండా తిన్నాడు. ముఫ్తీ మాత్రం సోమవారం కాబట్టి నఫిల్ రోజా, అంటే తనంత తాను పెట్టుకున్న ఉపవాసం, ఉన్నానని రాత్రి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

రమీజా ప్రయోగశాల మిషనును తెచ్చి బల్ల మీద పెట్టింది. చూడటానికి ఖురాన్ పెట్టుకునే రెహల్ అంత ఉంటుంది. దస్తగిరమ్మ వెనక వరసలో కుర్చీలో కూర్చుంది. సాక్ష్యం చెప్పమన్నారు. నేను చెప్పేకంటే మీ వేళ్లే చెబుతాయి హజ్రత్, అంది రమీజా, కార్డు ఆయన ముందు పెట్టింది.

ముఫ్తీ కళ్లద్దాలు సర్దుకుని బొటనవేలు ఆనించాడు. "మీకు కలిమి ఉంది. దయచేసి బాకీ చెల్లించండి," అంది తియ్యని గొంతు.

ఆయన కార్డును తిప్పి చూశాడు. మసీదు వెనక అద్దె గదీ, రెండు జతల బట్టలూ, ఒక సైకిలూ ఉన్నాయి తనకు, అందులో సైకిలు అల్లుడిది అన్నాడు. సభలో నవ్వులు వినబడ్డాయి. రమీజా కార్డు చైర్మన్ వైపు జరిపింది. ఆయన అక్కర్లేదన్నాడు. ముఫ్తీ పెట్టమన్నాడు. నలుగురి ముందు కాదనలేక నవాజిష్ అలీ ఉంగరాల చెయ్యి చాచి, పాయా జిగురు ఇంకా వదలని బొటనవేలు ఆనించాడు.

"మీ ఇబ్బందిని గుర్తించాం. గడువు ఇస్తున్నాం."

ఈసారి ఎవరూ దాచుకోకుండా నవ్వారు. నవ్వు తగ్గాక రమీజా జరిగింది జరిగినట్టు చెప్పింది. మసీదులో తీసుకున్న వేళ్లు, అడ్డా దగ్గర పెట్టిన బిర్యానీ, పొయ్యి వెలిగించకుండా కట్టిన దండుగలు, ఆ దండుగలతో లేచిన గోడలు. చివరి మాటల దగ్గరికి వచ్చేసరికి నవ్విన ముఖాలు కిందికి దిగాయి. ముఫ్తీ ముఖం చేతుల్లో దాచుకుని తౌబా అన్నాడు.

నవాజిష్ అలీ అప్పుడు లేచాడు. ఆయన్ను తక్కువ అంచనా వేయకూడదు. మన అమ్మాయి నిజాయితీకి మెచ్చుకోవాలి అన్నాడు. తప్పు దొరికింది, ఇంకేం, వారంలో సరిచేస్తుంది, తీసుకున్న దండుగలు తిరిగి ఇచ్చేస్తాం అన్నాడు. మండలి కుదుటపడింది. ముఫ్తీ కూడా ఊపిరి పీల్చుకుని, అట్లయితే సరే కదమ్మా, సరిచేయి అన్నాడు.

ఇక్కడ ఊరుకుంటే అందరూ రమీజాను మెచ్చుకుంటారు. చిన్నమ్మ పేరు మీది గీత చెరిగిపోతుంది. తన పేరు నాలుగు దేశాల్లో వినబడుతుంది. కష్టపడి కన్న వస్తువు బతుకుతుంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. దస్తగిరమ్మ సైగ చేయలేదు, తల ఊపలేదు, ఊరికే చూస్తోంది.

"సరిచేయను హజ్రత్. సరిచేస్తే ఇది ఇంతకంటే పెద్ద జులుం అయితాది. ఎవరికి ఎంత గతిలేదో తెలుసుకోని ధర పెంచుకునేటోళ్లు బయట కాచుకోని ఉండారు. చైర్మన్ సారు నాతోనే చెప్పినారు. ఈ వేళ్లిచ్చినోళ్లకు గడువు కోసం అని మాట ఇచ్చి తీసుకున్యాను. ఆ మాట నాది, బ్యాంకుది కాదు."

చెబుతూనే మిషను మీద చెయ్యి వేసింది. నేర్చినదంతా ఆ పెట్టెలోనే ఉంది. రెండో ప్రతి ఒకటి ప్రయోగశాలలో ఉండేది, దాన్ని పొద్దునే లోకనాథ్ తన చేత్తో తుడిచేశాడు. చైర్మన్‌కు విషయం అర్థమై, ఆపండి ఆమెను అని బల్ల చుట్టూ తిరిగి రాబోయాడు. పొట్ట అడ్డం వచ్చింది. రమీజా తన సంకేతం కొట్టి, నిజంగానా అని మిషను అడిగితే నిజంగానే అని నొక్కింది. మసీదులో, అడ్డాలో తీసుకున్న వేళ్లన్నీ, కలిమీ లేమీ, ఒక్కసారిగా పోయాయి. ఆమెకు పురుడు పోసుకున్న మనిషికి వచ్చినంత నీరసం వచ్చింది. ఏడుపు రాలేదు. గర్వంగా ఉంది, ఆ గర్వాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

నవాజిష్ అలీ మర్యాద అప్పటికి అయిపోయింది. దూది ఏకుకునే జాతికి ఇంత పొగరా అన్నాడు. పోలీసులకు ఫోన్ కలపమని గుమాస్తాను కేకేశాడు. పిలవండి, నేను ఇక్కడే కూర్చుంటాను అని రమీజా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ముఫ్తీ చెయ్యెత్తి గొడవ అణిచాడు. ఆయన కోపం ఎవరి మీదో ఆయనకే తెలిసినట్టు లేదు.

"సరేనమ్మా, తుడిచేసినావు. రేపు ఒకరు వాయిదా తప్పితే లేకనో, ఉండీనో బ్యాంకుకు ఎట్ల తెలియాల?"

"అడగాల, హజ్రత్."

"అబద్ధం చెప్తే?"

"కొంతమంది చెప్తారు. వాళ్ల లెక్క పైవాడు చూసుకుంటాడు. ఆకలిగొన్నోళ్లను దొంగల్ని చేసినందుకు మన లెక్క ఎవరు చూసుకుంటారు?"

ముసలాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి, బల్ల దాటి, వెనక వరసలో ఉన్న దస్తగిరమ్మ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఆమె కూడా లేచి కొంగు తలమీదికి లాక్కుంది. సభ మొత్తం తిరిగి చూస్తోంది. బ్యాంకు పుట్టినప్పటి నుంచీ ఆ గదిలో ఎవరూ ఎవరినీ అడగని మాట ఆయన అడిగాడు.

"అమ్మా, నీకు ఇబ్బందిగా ఉండాదా?"

"ఉండాది హజ్రత్," అంది దస్తగిరమ్మ. "శానా ఇబ్బందిగా ఉండాది. పెండ్లిండ్లు మొదలైతే పరుపులు పోతాయి, అప్పుడు కడతా, పైసా మిగల్చను. ఈ మాట చెప్పేదానికి నాకేం సిగ్గు లేదు. అడిగేదానికి మీకు ఏంటికి సిగ్గయిందో నాకు తెల్దు."

ముఫ్తీ తల వంచుకున్నాడు. పెండ్లిండ్ల దాకా గడువు, ఈమెకూ, అడిగిన ప్రతి ఒక్కరికీ, ఇది మండలి మాట అని చైర్మన్ వైపు చూడకుండానే గట్టిగా చెప్పాడు. నల్లగీతలన్నీ ఈ పూటే చెరపమన్నాడు. నవాజిష్ అలీ చెవి దగ్గర ఫోన్ ఉంది. కిందనుంచి జీపు ఆగిన చప్పుడు వినిపించింది. గుమాస్తా కిటికీలోంచి చూసి, పోలీసులు వచ్చేసినారు సార్ అన్నాడు. రమీజా గుమ్మం వైపు చూసింది.

దస్తగిరమ్మ వెనక వరసలోంచి తన కుర్చీ ఎత్తుకుని వచ్చి, రమీజా పక్కన వేసుకుని కూర్చుంది.

"రానీలేమ్మా," అంది. "వాళ్లన్నా నోరు తెరిచి అడుగుతారు."